కాళ్లు నరికే మంచం

మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్నారు పెద్దలు. ఎక్కువ చాపినవాణ్ణి ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఆ కొరత జావాస్క్రిప్ట్ తీర్చింది: కాళ్లు నరికేయాలి. అదీ చప్పుడు కాకుండా.

1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో కట్టి నిలబెట్టిన ప్రోగ్రామింగ్ భాష ఇది. హడావిడి కాపురం కనుక సంఖ్యలన్నిటికీ ఒకటే గది, 64 బిట్ల ఫ్లోట్. పూర్ణాంకమైనా దశాంశమైనా అందులోనే సర్దుకోవాలి. బాగానే ఉంది. చిక్కల్లా బిట్లని విడివిడిగా కదిపే బిట్‌వైజ్ లెక్కల దగ్గర. ఫ్లోట్‌లో ఒక బిట్టు గుర్తుకి, పదకొండు ఘాతానికి, మిగతావి అంకెలకి. వాటిని అలాగే పట్టుకుని జరిపితే అర్థం పర్థం ఉండదు. అందుకని ఆ లెక్కల గుమ్మంలో 32 బిట్ల మంచం ఒకటి వేశారు. దాని మీద పడుకోనిదే ఎవరూ లోపలికి పోకూడదు.

మీ దగ్గర 300 కోట్లున్నాయనుకోండి. సున్నాతో ‘ఆర్’ చేయండి, అంటే పక్కన ‘| 0’ అని రాయండి. ఏమీ మారకూడదు కదా? బయటికొచ్చేసరికి మీరు 129 కోట్ల 49 లక్షల 67 వేల 296 బాకీ. బ్యాంకులు ముంచిన ఘనులు కూడా ఇంత వేగంగా ఐపీ పెట్టలేదు. 3.7 వెళ్తే 3 వస్తుంది. ‘చింతపండు’ అన్న మాట పంపినా సున్నా వస్తుంది. ‘నేను సంఖ్యను కాను మొర్రో’ అని పేరులోనే మొత్తుకునే నాన్ (NaN)ని కూడా సున్నా చేసి సాగనంపుతుంది. ఎర్రర్ అన్న మాటే లేదు. ఎంత మర్యాద!

మనవాళ్లు ఊరుకుంటారా? ఈ నరుకుడికి చిట్కా అని పేరు పెట్టి, దశాంశాలు కోసే కత్తిపీటగా వాడుకున్నారు. 2013లో మొజిల్లావాళ్ల ఏఎస్ఎం.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ఉపభాష అయితే ‘| 0’ కనిపిస్తే అది పూర్ణాంకమని గుర్తు పట్టేది. కోత గాటుని పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చగా రాయించుకోవడమంటే ఇదే.

ఇదే గుమ్మం దగ్గర 2015లో లువా అనే భాష, 5.3 వెర్షన్‌లో, ఏం చేసిందో చూడండి. 3.0 వస్తే పూర్ణాంకమే కదా అని రానిచ్చింది, 3.5ని గుమ్మంలోనే ఆపేసింది. పైథాన్‌కి మడి ఎక్కువ, 3.0ని కూడా ముట్టుకోదు. కానీ పూర్ణాంకం ఎంత పొడుగైనా దానికి తగ్గ మంచం వేస్తుంది.

2020లో జావాస్క్రిప్ట్‌కీ ఎంత పొడుగు పూర్ణాంకమైనా పట్టే బిగ్ఇంట్ వచ్చింది. మామూలు సంఖ్యతో దాన్ని కలిపితే టైప్ ఎర్రర్. ‘>>>’తో జరిపినా టైప్ ఎర్రర్, ఎడమవైపు సున్నాలు నింపుతూ కుడికి జరిపే గుర్తు అది; ఎడమవైపు అంతే లేని సంఖ్యకి వాటిని ఎక్కణ్ణించి నింపుతారు? పాతికేళ్లకి ‘కుదరదు’ అనడం నేర్చిందన్నమాట. పాత మంచం మాత్రం అక్కడే ఉంది. తీస్తే పాత పేజీలు కూలిపోతాయట.

కొత్త భాషలు కట్టే దొరలారా, ఎవరిని రానివ్వాలో ముందే తేల్చుకోండి. గుమ్మంలో పొమ్మంటే అవమానమే, కాదనను. కానీ పొమ్మన్నవాడు తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోతాడు.