టమాటా అన్న

మా ఆఫీసులో ఆయన అసలు పేరు పేస్లిప్ మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆయన టమాటా అన్న. రాయదుర్గంలో ఏ అద్దాల మేడ ఎక్కి చూసినా ఇలాంటి అన్న అంతస్తుకొకరు తగులుతారు. మా అన్నకు ఆ పేరు తెచ్చిపెట్టింది మాత్రం ఆయన బల్ల మీదుండే ఎర్రటి ప్లాస్టిక్ టైమర్.

1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి, పుస్తకం ముందు కూర్చుంటే మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. 25 నిమిషాలు వంచిన తల ఎత్తకుండా పని, తర్వాత 5 నిమిషాలు విరామం. పద్ధతి బంగారం లాంటిది. దానితో సిరిల్లో చదువుకున్నాడు. మా అన్న చేతిలో పడ్డాక దాని నడక ఇలా ఉంటుంది.

కొత్తగా చేరిన కుర్రాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తాడు. "అన్నా, బిల్డ్ ఫెయిలవుతోంది. ఒక్కసారి చూస్తారా?"

అన్న నోరు విప్పరు. టైమర్ వైపు వేలు చూపిస్తారు. ఇంకా 17 నిమిషాలుంది.

కుర్రాడు వెళ్లి, వాచీ చూసుకుంటూ గడిపి, సరిగ్గా 17 నిమిషాలకు మళ్ళీ వస్తాడు. అప్పటికి అన్న కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంటారు.

"అన్నా, ఆ బిల్డ్..."

"తమ్ముడూ, ఇది బ్రేక్. బ్రేక్‌లో పని మాట్లాడితే బ్రేక్ ఎందుకు చెప్పు?"

అయిదు నిమిషాలు కాగానే టమాటా మళ్ళీ టిక్కుటిక్కుమంటుంది. ఈ లెక్కన అన్నను పని అడగడానికి దొరికే ఖాళీ, ఆయన టైమర్ తిప్పే ఆ రెండు సెకన్లే. ఆ రెండు సెకన్లు పట్టుకోగలిగినవాడు మా టీములో ఇంతవరకూ పుట్టలేదు.

అలాగని అన్నను బద్ధకస్తుడంటే కళ్ళు పోతాయి. బద్ధకస్తుడు హాయిగా ఉంటాడు; అన్న సాయంత్రానికి నిజంగానే అలిసిపోతారు. మొన్న సోమవారం ఆయన స్క్రీన్ మీదికి తొంగి చూశాను. చేయాల్సిన పని ఒక్కటే: క్లయింటుకు రిపోర్టు పంపడం. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకుంటే భయం పోతుందని ఏదో పుస్తకంలో చదివారు కాబట్టి దాన్ని 11 ముక్కలు చేశారు. ఒకటి, ఫైలు తెరవడం. రెండు, ఫైలుకు పేరు ఆలోచించడం. మూడు, నీళ్ళు తాగడం. నాలుగు, పాత రిపోర్టు ఎలా ఉందో చూడటం. అయిదు, దాని రంగులు బాగాలేవని గుర్తించడం. అక్కణ్ణుంచి తొమ్మిది వరకూ రంగుల గొడవే. పది, ఇప్పటిదాకా జరిగిన ప్రగతిని సమీక్షించుకోవడం. సాయంత్రం ఆరింటికి పదింటి పక్కనా పచ్చటి టిక్కులు పడ్డాయి. పైన అంకె మెరుస్తోంది: 91 శాతం పూర్తి. మిగిలిన పదకొండోది, పంపడం.

"ఆల్మోస్ట్ అయిపోయింది" అన్నారు అన్న. తృప్తిగా బ్యాగు సర్దుకున్నారు.

ఈ జబ్బు ఆయనొక్కరిదీ కాదు, ఈనాటిదీ కాదు. పార్కిన్సన్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1955లో ఎకనమిస్ట్ పత్రికలో, పని దానికి ఇచ్చిన గడువంతా సాగుతుందని రాసి, బ్రిటిష్ నౌకాదళం లెక్క చూపించాడు. 1914 నుంచి 1928 మధ్య పెద్ద యుద్ధనౌకలు 62 నుంచి 20కి తగ్గాయి. ఒడ్డున ఆఫీసులో కూర్చున్న అధికారులు మాత్రం 2,000 నుంచి 3,569కి పెరిగారు. మా ప్రాజెక్టులో రాసే కోడ్ ఆ ఓడల దారి పట్టింది. దాని గురించి పెట్టే బోర్డులు, చార్టులు, మీటింగులు అధికారుల దారి పట్టాయి. పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగు మా దగ్గర నలభై నిమిషాలు నడుస్తుంది. కాళ్ళు లాగుతున్నాయని అందరం కూర్చునే చేస్తాం.

అన్న దినచర్య తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. 2018లో రాబిన్ శర్మ రాసిన 'ది 5 ఏఎమ్ క్లబ్' చదివినప్పటి నుంచి ఇదే వరస. లేవగానే చీకట్లో కాఫీ కప్పు ఫొటో తీసి స్టేటస్ పెడతారు. ఆ తర్వాత టీము గ్రూపులో సింహం బొమ్మ పడుతుంది. సింహం కింద ఒక సూక్తి, సూక్తి కింద కలాం గారి పేరు. ఆ మాట కలాం గారు ఎప్పుడన్నారని అడిగే ధైర్యం పొద్దున్నే ఎవరికుంటుంది? అందరం చేతులు జోడించిన బొమ్మ పెట్టి మళ్ళీ పడుకుంటాం. పదకొండింటికి అన్నకు ఆవలింతలు మొదలవుతాయి, పన్నెండింటికి పవర్ న్యాప్. మధ్య మధ్య చేయి మాత్రం మౌస్ మీదికి పోతూనే ఉంటుంది. అయిదు నిమిషాలు కదపకపోతే ఆఫీసు చాట్‌లో పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క పసుపుకు తిరుగుతుంది మరి.

ఆయనతో పడలేనిది ఇంట్లోవాళ్ళే. ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మ ఒకరోజు ఆ స్టేటస్ చూసి, "మేము మూడున్నరకే లేచి గేదెల పాలు పితికేవాళ్ళం గదరా. ఎవరికీ ఫొటోలు పంపలేదే!" అన్నదట. ఇక కాన్బాన్ అని ఒక పద్ధతుంది. టయోటా కార్ల ఫ్యాక్టరీలో తయీచి ఓనో కనిపెట్టాడు. అన్న దాన్ని వంటింటి ఫ్రిజ్ మీదికి దించి, చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరసలు గీసి, రంగురంగుల చీటీలు అంటించారు. 'గ్యాస్ బుక్ చేయడం' చేస్తున్నవాటిలో ఉండగానే సిలిండర్ అయిపోయింది. ఆ రాత్రి వదిన ఒక చీటీ మీద 'ఈ చీటీలన్నీ పీకేయడం' అని రాసి మొదటి వరసలో అంటించింది. తెల్లారేసరికి తనే తీసి మూడో వరసలో పెట్టింది. దాని పక్కన ఇంకే చీటీ లేదు. మా అందరికీ తెలిసి ఆ పద్ధతి మొదటి నుంచి చివరిదాకా సక్రమంగా నడిచింది ఆ ఒక్కసారే.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు దేశంలో యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. అన్నకు ఆ మాట గుండెకు తగిలింది. ఆ వారం ఆయన 70 గంటలూ దాని మీద చర్చలోనే గడిపారు.

నవ్వుకుంటాం గానీ, ఏడాది చివర అప్రైజల్‌లో అందరికంటే మంచి రేటింగ్ ఎవరికొస్తుందో చెప్పక్కర్లేదు. అందులో అన్యాయమేమీ కనిపించదు నాకు. బుర్రలో జరిగే పని పై అంతస్తువాళ్ళకు ఎలా కనిపిస్తుంది? ఒక గంట కిటికీలోంచి బయటికి చూసి, తప్పు ఎక్కడుందో పట్టుకుని, రెండు లైన్లు దిద్దినవాడి లెక్కలో పసుపు చుక్క, రెండు లైన్లు మాత్రమే ఉంటాయి. అన్న లెక్కలో 91 శాతం ఉంటుంది. కొలిచేవాడికి ఏది అందితే అదే పని.

అసలు అన్న ఏమిటో మాకు ఒక్కరోజు తెలిసింది. 2024 జులై 19, శుక్రవారం. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తప్పుడు అప్‌డేట్ వచ్చి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయిన రోజు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మా ఆఫీసులో పొద్దున పది దాటేసరికి వరసగా నీలిరంగు తెరలు. బోర్డుల్లేవు, చార్టుల్లేవు, చుక్కల్లేవు. అన్న కాసేపు కాళ్ళూ చేతులూ ఆడనట్టు కూర్చున్నారు. టైమర్ తిప్పారు. ఏ పనికి తిప్పారో తెలియక ఆపేశారు.

తర్వాత కుర్రాణ్ణి పిలిచి, "ఏదో బిల్డ్ అన్నావే, ఏమిటది?" అన్నారు.

ఇద్దరూ వైట్‌బోర్డు దగ్గరికి వెళ్లారు. కుర్రాడు చెప్తుంటే అన్న డబ్బాలు గీశారు, బాణాలు గీశారు, చెరిపారు, మళ్ళీ గీశారు. మార్కర్‌లో ఇంకు అయిపోతే పక్క టీము మార్కర్ లాక్కొచ్చారు. ఎదురు ప్రశ్నలు వేశారు. చొక్కా చేతులు మడిచారు. గంటన్నరకు ఒక బాణం మీద వేలు పెట్టి ఆగారు. రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ, మీరు ముందంటే మీరు ముందని గడప దగ్గరే నిలబడిపోయాయి. మూడు వారాలుగా ఎవరికీ దొరకని తప్పు.

"అన్నా, మీకు కోడింగ్ వచ్చా!" అన్నాడు కుర్రాడు, నోరు తెరిచి.

వచ్చు మరి. వచ్చు గనకే పదేళ్ల కింద ఆయన్ని టీమ్ లీడ్‌ను చేశారు. లీడ్‌ను చేశాక, వచ్చిన ఆ ఒక్క పనీ చేయనివ్వలేదు. అన్నకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా గుర్తు రాలేదు. మూడింటికి కెఫెటేరియాలో ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకు తింటూ, ఏదో పాట హమ్ చేస్తున్నారు. సింహం బొమ్మలు పెట్టినన్నాళ్ళలో ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు.

సోమవారానికి కంప్యూటర్లు లేచాయి. తొమ్మిదింటికే అందరికీ మీటింగు పిలుపు అందింది: 'స్క్రీన్ లేకుండా ఫోకస్ — నేను నేర్చుకున్న ఏడు పాఠాలు'. రెండు గంటలు, 48 స్లైడ్లు, హాజరు తప్పనిసరి. శని, ఆదివారాలు కూర్చుని తయారు చేశారట. పై అంతస్తు నుంచి కూడా వచ్చి చప్పట్లు కొట్టారు. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే కుర్రాడు చెయ్యెత్తాడు.

"అన్నా, ఆ రోజు బోర్డు మీద దొరికిన తప్పు కోడ్‌లో ఎప్పుడు దిద్దుదాం?"

"చాలా మంచి ప్రశ్న!" అన్నారు అన్న, కళ్ళు మెరుస్తుండగా. అక్కడికక్కడే దానికో టికెట్ వేశారు. సీటుకు వెళ్లి టమాటా తిప్పి, దాన్ని 14 ముక్కలు చేశారు. సాయంత్రానికల్లా 13 పూర్తి చేశారు.