ఆ తాళం నాదే

నేను డబుల్ బాస్‌ని. షికాగోలో కే కంపెనీవాళ్ళు చేశారు. నిలబెడితే మనిషికన్నా ఎత్తు. మెంఫిస్‌లో బిల్ బ్లాక్ చేతికి వచ్చాకే నాకు అసలైన పని దొరికింది. పగలు ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీలో చాకిరీ, రాత్రి పాట, అదీ బిల్ బతుకు. కమాను జోలికి పోడు. తీగను గట్టిగా లాగి వదిలేస్తాడు. అది వెనక్కొచ్చి నా మెడ మీది పలకకు ఠప్‌మని తగులుతుంది. ఒక్క దెబ్బలో స్వరమూ తాళమూ రెండూ.

1954 జూలై 5 రాత్రి, శామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియో. గిటార్ మీద స్కాటీ మూర్. పాడేది పందొమ్మిదేళ్ళ ఎల్విస్ ప్రెస్లీ. మెల్లని పాటలు ఎన్ని పాడినా పస పుట్టలేదు. కాసేపు ఆపినప్పుడు ఎల్విస్ ఉన్నట్టుండి ఆర్థర్ క్రూడప్ పాట ‘దట్స్ ఆల్ రైట్’ అందుకుని గంతులు వేశాడు. బిల్ నన్ను లాక్కుని జత కలిశాడు, వెనకే స్కాటీ. శామ్ తల బయటపెట్టి, మళ్ళీ మొదటినుంచి వాయించమన్నాడు. ఆ రికార్డులో డ్రమ్ము కోసం వెతక్కండి, లేదు. మీ కాలు ఆడించేది నా తీగ దెబ్బే.

రెండోవైపు పాట బిల్ మన్రోది, ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’. మన్రో దాన్ని మూడు మాత్రల వాల్ట్‌జ్ నడకలో పాడాడు. మా బిల్ సన్నగొంతు పెట్టి, నన్ను బాదుతూ సరదాగా ఎత్తుకున్నాడు. నడక నాలుగు మాత్రల పరుగైపోయింది. ఒక నల్లజాతి గాయకుడి బ్లూస్, ఒక తెల్లవాడి పల్లెపాట ఒకే రికార్డుకు రెండు ముఖాలయ్యాయి. రాక్ అండ్ రోల్ అక్కడే పుట్టిందని నేననను, కానీ ఆ గదిలో ఏదో కొత్తది మొదలైంది.

తర్వాతంతా రోడ్డు. కారు పైన కట్టేస్తే ఊళ్ళకు ఊళ్ళు ఎండకూ దుమ్ముకూ తిరిగాను. మొదట్లో జనం ఎల్విస్‌ను చూసి బిగుసుకుపోతే, బిల్ నా మీద గుర్రమెక్కినట్టు ఎక్కి కేకలు పెట్టేవాడు. నవ్వులు మొదలయ్యేవి, ఆ నవ్వుల్లోంచే పాట సాగేది. ష్రీవ్‌పోర్ట్ రేడియో కార్యక్రమం ‘లూసియానా హేరైడ్’లో డి.జె. ఫొంటానా డ్రమ్ములతో కలిశాడు. 1956లో టీవీలు, ‘హార్ట్‌బ్రేక్ హోటల్’, అరుపులు. ఆ అరుపుల్లో నా చప్పుడు నాకే వినపడేది కాదు.

ఊళ్ళో ఉంటే వారానికి 100 డాలర్లు, పర్యటనలో 200. అదీ స్కాటీకీ బిల్‌కూ దక్కింది. 1957 సెప్టెంబరులో ఇద్దరూ రాజీనామా ఇచ్చారు. ఆ పాటలకు ప్రాణం పోసిన చేతులకు ఆ జీతం చాలా తక్కువ. ఇప్పటికీ నా మాట అదే.

బిల్ సొంత కాంబో పెట్టి పేరు తెచ్చుకున్నాడు. 1965లో మెదడులో కణితితో, 39 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత లిండా మెకార్ట్‌నీ నన్ను కొని భర్త పాల్‌కు కానుకగా ఇచ్చింది. బీటిల్స్ ‘రియల్ లవ్’లో జాన్ లెనన్ పాత టేపు గొంతు కింద పాల్ వాయించింది నన్నే.

2009లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బిల్ పేరు చేర్చుకుంది. అప్పటికి ఆయన పోయి 43 ఏళ్ళు దాటాయి.