36 రాదన్నా!

ఉప్పల్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఏ బట్టల షాపులోకైనా యాభై రెండు కిలోల మగవాడు వెళ్లి ఫార్మల్ షర్టు అడిగాడనుకోండి. సేల్స్ కుర్రాడు ర్యాకు వైపు తిరగడు. ముందు మనిషిని కొలుస్తాడు, కళ్లతోనే. తర్వాత, సంబంధం తప్పిపోయిన ఇంటికి పరామర్శకు వచ్చిన పెద్దమనిషిలా గొంతు తగ్గించి, "36 రాదన్నా. మా దగ్గర 38 నుంచే స్టార్టింగ్" అంటాడు. రాదట! ఎక్కడి నుంచి రావాలో, దారిలో ఎవరు ఆపారో చెప్పడు. పైగా వెళ్తూ వెళ్తూ ఉచిత సలహా ఒకటి: "జర ఒళ్లు చెయ్యన్నా, అన్నీ సెట్టయితయ్."

మన రెడీమేడ్ వ్యాపార సిద్ధాంతమంతా ఆ సలహాలోనే ఉంది. చొక్కా ఒంటికి సరిపోలేదంటే తప్పు ఒంటిదే. చొక్కా కంపెనీ నుంచి వచ్చింది, దాని మీద నాలుగు ముద్రలున్నాయి. మనిషి తల్లి కడుపులోంచి వచ్చాడు. అక్కడ క్వాలిటీ చెకింగ్ లేదు కదా.

ఇంతకీ ఆ 38 ఏమిటి? అడిగి చూడండి, షాపులో ఎవరూ చెప్పరు. పేరున్న కంపెనీల ఫార్మల్ షర్టుల మీద 38, 39, 40, 42, 44 అని ఉండేది మెడ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 38 అంటే దాదాపు 15 అంగుళాలు. సన్నపాటి మనిషి మెడ 14 అంగుళాలు దాటడమే కష్టం. పక్క ర్యాకులో ఇంకో కంపెనీ షర్టు మీదా 38 అనే ఉంటుంది, అది ఛాతీ కొలత, అంగుళాల్లో. ఒకడు మెడ పట్టుకున్నాడు, ఇంకొకడు రొమ్ము పట్టుకున్నాడు. మధ్యలో మనం ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి, పై గుండీ పెట్టుకుని, కాలరు సందులో నాలుగు వేళ్లు ఆడిస్తుంటాం. దాని మీద టై బిగిస్తే చూడాలి వైభోగం. కాలరు రెండు రెక్కలూ ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, ముడి కింద గుడ్డంతా మడతలు పడి, మెడ వెనక మాత్రం గాలి ఆడుతూ ఉంటుంది.

"స్లిమ్ ఫిట్ ఇవ్వమంటరా సార్?" అని అడుగుతాడు అప్పుడు. పాపం, బక్కవాళ్ల కోసమే దాన్ని కనిపెట్టారని అతని నమ్మకం. స్లిమ్ ఫిట్ కుట్టేది జిమ్ముకెళ్లే వస్తాదు కోసం. భుజాలు అంతే వెడల్పు, ఛాతీ అంతే, నడుము దగ్గర మాత్రం నొక్కుతారు. అది తొడిగితే బక్కవాడి భుజం కుట్టు మోచేతి వైపు ప్రయాణం కడుతుంది. నడుము మాత్రం నడుములా ఉంటుంది. ఒకే మనిషి మీద ఇద్దరు మనుషుల బట్టలు.

ఇక్కడితో అయిపోదు. "చిల్డ్రన్స్ సెక్షన్ల ఒకసారి చూడున్రి, పైన ఉంది." ముప్పై ఏళ్లు దాటి, ఇంటి లోను కడుతున్న మనిషిని లిఫ్టు ఎక్కించి పిల్లల అంతస్తుకు పంపుతారు. అక్కడ కోట్లున్నాయి, కాదనను. కాలరుకు తళతళలాడే సాటిను, జేబుకు గొలుసుతో బంగారు రంగు బ్రోచ్, కొసరుగా బో టై. పదిహేనేళ్ల లోపు బర్త్‌డే బాబుకు దివ్యంగా ఉంటుంది. అది వేసుకుని సోమవారం రివ్యూ మీటింగుకు వెళ్తే కేకు ఎక్కడని అడుగుతారు.

కోటు సంగతి మరీ అన్యాయం. కోటు సైజు అంటే ఛాతీ అంగుళాలు, అంతవరకు సులువే. కానీ పొడవులో షార్టు, రెగ్యులర్, లాంగు అని మూడు రకాలు ప్రపంచంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మన షాపులకు రెగ్యులర్ ఒక్కటే వచ్చింది. మిగతా రెండూ ఓడలోనే ఉండిపోయాయేమో. సూటు సెట్టు కొంటే ప్యాంటు కూడా వాళ్ల లెక్కలోనే వస్తుంది: ఛాతీలోంచి ఆరు తీసేస్తే నడుము. 38 కోటుకు 32 ప్యాంటు. నా నడుము 28. "ఆల్టరేషన్ ఫ్రీ సార్" అని మెషిన్ దగ్గరకు పంపుతారు. ఫ్రీ అంటే ప్యాంటు అడుగున కత్తిరించడం. నడుము నాలుగంగుళాలు తగ్గించమంటే, తగ్గించి చేతికిస్తారు. వెనక జేబులు రెండూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ ఉంటాయి. పర్సు ఏ జేబులో పెట్టినా రెండో జేబుకు తెలిసిపోతుంది.

డబ్బు దగ్గర మాత్రం మన ఒంటికి ఏ లోటూ చేయరు. 36 తొడిగేవాడికైనా 44 తొడిగేవాడికైనా ధర ఒక్కటే. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ 2,500 రూపాయల దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. ఓ మోస్తరు సూటు 2,500 దాటకుండా ఎలా ఉంటుంది? కాబట్టి టైలరు కత్తెర కింద రాలిపోయే గుడ్డకు కూడా నేను 18 శాతం పన్ను కట్టిన పౌరుణ్ని.

ఇంత జరిగాక కూడా మనదే వింత శరీరమని అనుకోవాలా? ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రామాణిక భారతీయ పురుషుడి బరువును 60 కిలోల నుంచి 65కు పెంచింది. చక్కగా తిని, చక్కగా ఎదిగితే ఉండవలసిన బరువు అది. ఆ ఆదర్శ పురుషుడు నాలుగు స్టేషన్లు దాటి మన షాపుకొస్తే, అతనూ అట్టడుగు ర్యాకు ముందు వంగి వెతుక్కోవలసినవాడే. ఆదర్శ పురుషుడికే చివరి సైజు ఇచ్చి, అంతకంటే కాస్త తక్కువవాణ్ని పిల్లల్లో కలిపేసే లెక్క ఎవరు వేశారో!

మన ఒళ్లు కొలవలేదని అనడానికీ లేదు. దేశానికి సొంత సైజుల చార్టు కావాలని 2018లో కేంద్రం పూనుకుంది. ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ చేత 'ఇండియా సైజ్' అనే సర్వే పెట్టించింది. ఆరు నగరాలు, 15 నుంచి 65 ఏళ్ల వయసున్న పాతిక వేల మంది, త్రీడీ స్కానర్లు. ఆ ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మా పక్క వీధి షాపులో గోడకు అంటించిన చార్టు మీద మాత్రం ఇప్పటికీ ఆరడుగుల తెల్లదొర చేతులు చాచి నిలబడి ఉన్నాడు. స్కానర్‌లో నిలబడి వచ్చినవాళ్లు ఇప్పుడు ఏం తొడుక్కుంటున్నారో కనుక్కోవాలి.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని సామెత చెప్పినవాళ్లు పుట్టెడు బట్టల గురించి ఏమీ చెప్పలేదు. 2009 నవంబరు 5న మా ఉప్పల్ స్టేడియంలో అయిదడుగుల అయిదంగుళాల మనిషి ఒకడు ఆస్ట్రేలియా మీద 141 బంతుల్లో 175 కొట్టాడు. వన్డేల్లో 17 వేల పరుగులు దాటింది ఆ రోజే. మ్యాచ్ మూడు పరుగుల తేడాతో పోయిందనుకోండి, ఆ బాధ వేరు. ఆ రాత్రి సచిన్ రింగు రోడ్డు దాకా నడిచొచ్చి కోటు అడిగి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. పైన చూడమనేవారు.

హైదరాబాదుకు ఈ చిక్కు కొత్తది. పాత పాలకుల్లో మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా పురానీ హవేలీలో 176 అడుగుల పొడవున ఇప్పటికీ ఉంది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ బక్కపలచని పొట్టి మనిషి. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసినప్పుడూ వెలిసిన షేర్వానీలే తొడిగేవాడంటారు. మాసినా వెలిసినా అది ఆయన కొలతకు కుట్టింది. దర్జీ ఆయన దగ్గరికి టేపుతో వచ్చాడు గానీ "హుజూర్, కాస్త ఒళ్లు చేయండి" అనలేదు.

నవ్వులాటకు ఇంత రాశాను గానీ, నాకు నిజంగా ఒళ్లు మండేది ఘట్‌కేసర్ దారిలోని కాలేజీల ప్లేస్‌మెంట్ రోజుల్లో. "ఫార్మల్స్ కంపల్సరీ, బ్లేజర్ ప్రిఫర్డ్" అని నోటీసు. ఇరవై ఒక్కేళ్ల పిల్లలు, హాస్టల్ సాంబారు మీద నాలుగేళ్లు బతికినవాళ్లు, యాభై కిలోలు ఉంటే గొప్ప. తండ్రి ఎక్కడో అప్పు చేసి పంపిన డబ్బుతో ఉన్నదాంట్లో చిన్న సైజు కొంటారు. చేతులు వేళ్ల దాకా, భుజం కుట్టు కిందికి. లిఫ్టు దగ్గర ఒక అబ్బాయి రెజ్యూమె ఫైలును పొట్ట దగ్గర అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. కోటు ముందు భాగం ఉబ్బకుండా ఉండటానికని తర్వాత అర్థమైంది. చెయ్యి చాపినప్పుడల్లా స్లీవు వెనక్కి తోసుకుని గాని షేక్‌హ్యాండ్ ఇవ్వలేడు. లోపల ఇంటర్వ్యూ అయ్యాక పర్సనాలిటీ ట్రైనరు గారు కార్డు మీద రాస్తారు: బాడీ లాంగ్వేజ్ ఇంప్రూవ్ చేసుకోవాలి. బలి చక్రవర్తి కూడా ఇలాగే ఫార్మల్స్ కంపల్సరీ అని ఉంటే వామనుడు గేటు దగ్గరే ఆగిపోయి, మూడో అడుగు దాకా కథ నడిచేదే కాదు.

మరి కుట్టించుకోవచ్చుగా అంటారు. అవును, పెళ్లిళ్లలో పెట్టిన ప్యాంటు బిట్లు, షర్టు బిట్లు బీరువా నిండా ఉన్నాయి. ప్యాంటుకు 1.20 మీటర్లు, 36 పన్నా షర్టు గుడ్డ అయితే 2.25. బిట్టు ఊరికే వచ్చినా కుట్టుకూలి ఊరికే రాదు. జత కుట్టించేసరికి వెయ్యి దాటుతోంది, సూటైతే అయిదారు వేలకు తక్కువ చెప్పేవాడు లేడు. అందుకే కుర్రాళ్లు షాపుకే పోతారు. తర్వాత నాచారం సందుల్లో మిగిలిన ఇద్దరు ముగ్గురు మాస్టర్ల దగ్గరికి ఆ కోటుతోనే వస్తారు.

మా మాస్టరు కోటును చూసే తీరు వేరు. లేబుల్ చూడడు, భుజం పట్టి చూస్తాడు. "గిది ముట్టుకోవద్దు సార్. భుజం విప్పితే చెయ్యి మొత్తం ఊడదీసి మళ్ల ఎక్కియ్యాలె, దానికన్న కొత్తది కుట్టుడు నయం. పక్క కుట్లు లోపలికి పడతా. చెయ్యి పొడవు అంగుళం తీస్తా, అంతకుమించి తీస్తే గుండీలు కఫ్ అంచుమీదికొస్తయ్. కింద పొడవు తియ్య, జేబులు ఆడనే ఉంటయ్ గదా." ఇంత సంగతి ఏసీ షోరూములో ఒక్కరూ చెప్పలేదు. కొనేటప్పుడు భుజం ఒక్కటి సరిపోతే మిగతాది మాస్టరు చూసుకుంటాడు. భుజం సరిపోయేదే దొరకదు, అది వేరే మాట.

మొన్న ఆషాఢం సేల్‌లో సగానికి సగం ధరకు అమ్మారు. 36 ఎలాగూ రాలేదు, 38 మొదటి రోజే అయిపోయింది. మిగిలినవన్నీ 46లు. ఉక్రోషం కొద్దీ ఒకటి కొని తీసుకెళ్లి మాస్టరు బల్ల మీద పడేశాను. ఆయన లోపలి అస్తరు తిప్పి చూసి, గుడ్డ చివర వేళ్లతో నలిపి, టేపు మెళ్లోంచి తీశాడు.

"గుడ్డ మంచిగుంది సార్. మొత్తం విప్పి కట్ చేస్తే మీకు కోటు, బాబుకు వెయిస్ట్‌కోటు ఎల్తయ్. మరి దీనిమీద స్లిమ్ ఫిట్ అని లేబులుంది, ఎవరిదానికి కుట్టమంటరు?"