నీరు కూడైన విధం: ఒక పదాల నిచ్చెనకు టీకా తాత్పర్యం

అవతారిక

రెండు పదాలిచ్చి, మెట్టుకొక అక్షరం మాత్రమే మారుస్తూ మొదటిదాన్నుంచి రెండోదానికి చేరమనే రోజువారీ ఆట పదాల నిచ్చెన. ప్రతి మెట్టు మీదా నిఘంటువుకెక్కిన పదమే నిలవాలి. అక్షరాలను ముందువెనుకలు చేయరాదు.

ఇంగ్లీషులో దీనికి ఆద్యుడు లూయీ కారల్. 1877 క్రిస్మస్ నాడు ఏమీ తోచక కూర్చున్న ఇద్దరు బాలికల కోసం దీన్ని కల్పించాడు. 1879లో ‘డబ్లెట్స్’ పేరుతో వానిటీ ఫెయిర్ పత్రికలో అచ్చు వేయించాడు. మన వైపు చూస్తే, బాణుడి కాదంబరిలో శూద్రక మహారాజు పొద్దుపుచ్చే వినోదాల్లో అక్షరం జార్చే అక్షరచ్యుతకం, మాత్ర జార్చే మాత్రాచ్యుతకం ఉన్నాయి. ఒక అక్షరం తీసి మరొకటి పెట్టే చ్యుతదత్తాక్షరను భోజుడు సరస్వతీకంఠాభరణంలో ప్రహేళికల జాబితాలో చేర్చాడు. అక్కడ మార్పు ఒక్కసారితో సరి. నిచ్చెనలో గమ్యం చేరేదాకా సాగుతుంది. శూద్రకుడికి కొలువు ముగిశాక దొరికిన తీరిక ఆంధ్ర సరిహద్దున తమిళనాడు వైపున్న ఊత్తుకోట వాసికి తిరువళ్లూరు బస్సు వచ్చేలోగా దొరుకుతుంది.

మూలం

నీరు – నోరు – నూరు – కూరు – కూడు

ప్రతిపదార్థం

నీరు = జలం. వాడుకలో ‘నీళ్లు’ అన్నదే ఎక్కువ గానీ, ‘ళ్లు’ అనే జంటాక్షరం నిచ్చెనకు బరువు కనుక ఏకవచనం గ్రహించబడింది. ఏ నీరు అన్న ఆకాంక్ష కలుగుతుంది. ఊత్తుకోటలో ఆరణి నదిది ఒకటి, కండలేరు కాలువలో వచ్చే కృష్ణది మరొకటి. 1983 ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకోగా 15. అందులో దారిలో పోయేవి 3 తీసేసి తమిళనాడుకు లెక్కగట్టినవి 12. ఈ మూడింటినీ జలచ్యుతకం అనవచ్చు. మిగిలినవి ఊత్తుకోట దగ్గరి జీరో పాయింట్ వద్ద రాష్ట్రం మారి పూండి జలాశయానికి పోతాయి. అక్కరలేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమాన్ని అనుసరించి జలవిచారం ఇక్కడితో సమాప్తం.

నోరు = ముఖంలో తినడానికీ మాట్లాడడానికీ ఉమ్మడిగా ఉన్న ద్వారం.

నూరు = వంద అని ఒక అర్థం; పచ్చడిని నూరమన్నప్పటి క్రియ అని రెండో అర్థం. ముందు నోరు, చివర కూడు ఉన్నందున ప్రకరణబలం చేత రెండోదే గ్రాహ్యం.

కూరు = కుక్కి నింపు.

కూడు = అన్నం. ‘కలియు’ అనే క్రియార్థం ఉన్నా, ఆకలివేళ దాన్ని ఎవరూ తలవరు.

అన్వయం

నోట నీరు ఊరగా, పచ్చడి నూరి, ముద్ద కూరగా కూడు అగును. పచ్చడి, ముద్ద అధ్యాహార్యాలు. వాటిని పాఠకుడే తెచ్చుకోవాలి.

వ్యాకరణ విశేషాలు

మెట్టుకొక అక్షరం అన్న నియమంలో అక్షరం అంటే ఏమిటన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. అక్షరవాదులకు ‘నీ’ మొత్తం ఒకటే. హల్లూ గుణింతమూ కలిపి ఒకేసారి మార్చవచ్చు. కనుక వారికి నీరు, కూరు, కూడు అని రెండు మార్పుల్లో పని ముగుస్తుంది. వర్ణవాదులకు ‘నీ’లో నకారం వేరు, ఈకారం వేరు, ఒక మెట్టుకు ఒకటే కదలాలి. ఇంగ్లీషు నిచ్చెనకు ఈ చిక్కు లేదు. అక్కడ అచ్చూ హల్లూ వేర్వేరు గళ్లలో కూర్చుంటాయి. అయినా కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ పరిశీలించిన 5,757 ఐదక్షరాల ఇంగ్లీషు పదాల్లో 671 పక్కమెట్టు లేని ఏకాకులుగా తేలాయి.

మూలం వర్ణవాదుల పద్ధతిలో ఉంది. వారికి ఇంకొక ఆక్షేపం ఎదురవుతుంది. పాత వర్ణక్రమంలో నీరులోది సాధురేఫ, నూఱులోది శకటరేఫ. అప్పుడు నోరు నుంచి నూఱుకు రెండు వర్ణాలు మారి నియమం చెడుతుంది. ఊత్తుకోట బడిలో తమిళం చదివినవారు ఈ ఆక్షేపాన్ని ముందుగా పట్టుకుంటారు. తమిళ లిపి ఆ రెండు రకారాలనూ నేటికీ విడివిడిగా రాస్తుంది. నేటి తెలుగు అచ్చులో శకటరేఫ వాడుక తప్పింది కనుక మూలం నిర్దోషమని సమాధానం.

దోష విచారం

నీరుకూ కూడుకూ నడుమ మారవలసినవి మూడే: న స్థానంలో క, ఈ స్థానంలో ఊ, ర స్థానంలో డ. మూడు మార్పులను ఆరు వరసల్లో చేయవచ్చు. ముందు న మారిస్తే ‘కీరు’ వస్తుంది. కీరము చిలుక, కీర దోసకాయ, ఖీరు పాయసం. ‘కీరు’ మాత్రం ఏదీ కాదు. దానితో రెండు వరసలు పోయాయి. ముందు ర మారిస్తే వచ్చే ‘నీడు’ తెలుగు కాదు. ఇంకో రెండు పోయాయి. ముందు ఈ మారిస్తే ‘నూరు’ నిలుస్తుంది. ఆపైన ‘నూడు’ లేదు, ‘కూరు’ ఉంది. కనుక నీరు, నూరు, కూరు, కూడు అన్న ఒక్క వరసే సాధువు.

అలాంటప్పుడు మూలంలో నోరు ఎందుకు? అది అధికపదత్వ దోషమని ఖండనకారులు అంటారు. నోరు లేకుంటే నూరినదీ కూరినదీ ఎక్కడికి పోతాయని మండనకారులు అంటారు. నిచ్చెనకు అర్థంతో పని లేదు, మెట్ల లెక్కతోనే పని. కాబట్టి ఖండనే బలీయం.

పాఠాంతరం

నీరు – నీడు – కీడు – కూడు. ఇది రెండు భాషల ఊళ్లలో పుట్టే పాఠం. ‘నీడు’ తమిళంలో ‘దీర్ఘమగు’ అనే అర్థమున్న పదం, మిగిలినవి తెలుగు. మెట్లు మూడే గానీ కీడు మీదుగా కూటికి పోవాలి. ఊత్తుకోటను ఆనుకొని ఆంధ్ర వైపున సురుటుపల్లిలో హాలాహలం మింగిన శివుడు పవళించి ఉన్నందున, కీడును దిగమింగడం ఆ ప్రాంతానికి కొత్త కాదని ఈ పాఠం పెట్టేవారి సమర్థన. పూండికి పోయే నీటికి సరిహద్దు దాటడానికి ఒప్పందం ఉంది; ‘నీడు’కు లేదు. అందువల్ల త్యాజ్యం.

తాత్పర్యం

నిచ్చెన పూరించేవారు పదాల వేటకు ముందు అక్షరమా వర్ణమా, ఏ కాలపు వర్ణక్రమం, ఏ భాష నిఘంటువు అన్నవి తేల్చుకోవాలి. పిదప రెండు కొసల నడుమ ఎన్ని వర్ణాలు వేరో లెక్కించాలి. అంతకన్న తక్కువ మెట్లలో చేరడం అసాధ్యం, ఎక్కువ మెట్లు దారి లేనప్పుడే క్షమ్యం. నీరు కూడు కావడానికి అక్షరవాదికి రెండు మెట్లు చాలు, వర్ణవాదికి మూడు కావాలి. మూలకారుడికి నోరు ఉన్నందువల్ల నాలుగు పట్టాయి.