సీతమ్మకు 93వ నంబరు

పర్ణశాలకు వెళ్లినవాళ్లకు గైడ్లు సీతవాగు దగ్గర రాళ్లు చూపిస్తారు. ఇవి సీతమ్మ పసుపు కుంకుమలు నూరుకున్నవి, అది నారచీర ఆరేసుకున్న బండ. జాతీయ గణాంక కార్యాలయం వారి శ్రామిక సర్వే ఆనాడే ఉంటే, ఎన్యూమరేటరు ఆ వాగు ఒడ్డునే కూర్చుని ఫారం నింపేవాడు. ఇంటిపని చేస్తూ దుంపలు, కట్టెలు ఏరుకొచ్చేవాళ్ల కోసం అందులో ఒక గడి ఉంది, కోడు 93. ఉత్త ఇంటిపనే అయితే 92. రెండూ శ్రామికశక్తిలో లేనివాళ్ల ఖాతాలోవే. కందమూలాలు తవ్వి తెచ్చినందుకు అమ్మవారికి ఒక అంకె ప్రమోషను!

గడులు నింపడం అయ్యాక ఢిల్లీలో సెమినారు పెడతారు. 'మహిళలు ఉపాధికి ఎందుకు దూరమవుతున్నారు?' అయ్యలారా, తునికాకు రోజుల్లో ఒక్కసారి ఆ పర్ణశాల ఉన్న దుమ్ముగూడెం వైపు రండి. ఇక్కడి ఆడమనిషి తెల్లారకముందే అడవిలో పడి, ఎండ ముదరకముందే ఆకు మూట నెత్తికెత్తుకుని వచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పజెబుతుంది. చంటిది చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఏడుస్తుంటుంది. ఈమెకు ఉపాధి దూరమా?

సెమినారులో భోజనాల వేళకు ఒక గొప్ప తప్పకుండా వినిపిస్తుంది. అమెరికా సమాఖ్య చట్టంలో ప్రసూతికి 12 వారాలే, అదీ జీతం లేని సెలవు. మనకు 2017 నుంచి పూర్తి జీతంతో 26 వారాలు! నిజమే. కాకపోతే దుకాణమైతే 10 మంది పనివాళ్లుండాలి, ఆ యజమాని దగ్గరే ఏడాదిలో 80 రోజులు చేసి ఉండాలి. తునికాకు సీజనే 80 రోజులు సాగదు. మిరప చేలల్లో ఇవాళ ఒక రైతు, రేపు ఇంకొకరు. ఆ 26 వారాలు వీళ్లకు పేపర్లో చదువుకోవడానికి.

పోనీ చట్టం వర్తించేచోట? ఈఎస్‌ఐ లేకపోతే ఆ జీతమంతా యజమానే కట్టాలి. అత్త సొమ్ము అల్లుడు దానం. యజమాని తక్కువ తిన్నాడా? ఇంటర్వ్యూలోనే 'పెళ్లెప్పుడమ్మా?' అంటాడు. ఇలాంటి ఖర్చు చివరికి ఆడవాళ్ల జీతాల్లోంచే తెగుతుందని ఆర్థికవేత్త జొనాథన్ గ్రూబర్ అమెరికా లెక్కలతో 1994లోనే చూపించాడు. తండ్రి సంగతంటారా, కేంద్ర ఉద్యోగికి 15 రోజుల సెలవు, ప్రైవేటువాడికి చట్టంలో ఒక్క పూటా లేదు. 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానికి పెట్టింది రోజుకు 299 నిమిషాలు. ఆ పని ముట్టుకున్న కొద్దిమంది మగవాళ్లు, 97.

ఈ సెలవు చట్టం అందని తల్లికి 6 వేలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. ఆ ఘనమైన 26 వారాలకు పంచి చూడండి, రోజుకు 33 రూపాయలు. మిరపకాయ కోసే మనిషికి ఒక పూట కూలి కూడా కాదు.

పిల్లల్ని చూడటం పనేనని సర్కారుకు తెలియక కాదు. ఉపాధి హామీ చట్టంలో వాళ్లే రాశారు: తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు ఐదుగురుంటే, వాళ్లను చూసుకోవడానికి ఒకామెను పెట్టి కూలి ఇవ్వాలట. ఐదుగురైతే పని, నలుగురైతే మాతృప్రేమ. ఆ లెక్కన నలుగురే ఉన్నచోట ఐదో బిడ్డను పక్క గూడెం నుంచి బదులు తెచ్చుకోవాలి కాబోలు.