కోడుమూరు కార్ణికం

మార్చి నెల వచ్చిందంటే మా కోడుమూరులో రెండు పంచాంగాలు బయటికి వస్తాయి. ఒకటి ఉగాదినాడు గుళ్లో అయ్యవారు చదివేది, రెండోది టీ కొట్టు బెంచీ మీద పుట్టేది. గుళ్లో పంచాంగం పన్నెండు రాశులకు, బెంచీ పంచాంగం పది ఐపీఎల్ జట్లకు. మొదటిదానికి పచ్చడి ఊరికే పెడతారు. రెండోది వినాలంటే టీ డబ్బులు మనమే ఇచ్చుకోవాలి, చెప్పేవాడికీ మనమే ఇవ్వాలి. అయినా జనం రెండోదాని దగ్గరే ఎక్కువ.

బెంచీ సిద్ధాంతి మా రిటైరైన పీఈటీ సారు. ఏ జట్టు పైకి పోతుందో, ఏది పాయింట్ల పట్టికలో అడుక్కి జారుతుందో మొదటి బంతి పడకముందే చెప్పేస్తాడు. ఊరికే గాల్లో చెప్పే మనిషి కాదు, దానికో పద్ధతి ఉంది. ముంబైకి ఆదాయం 14, వ్యయం 2. చెన్నైకి రాజపూజ్యం 7, అవమానం 1. పంజాబుకు ఆదాయం 2, వ్యయం 14; వేలంలో వాళ్లు డబ్బు పోసే తీరు చూసినవాళ్లెవరూ దీన్ని కాదనలేదు. బెంగళూరుకు మాత్రం ఏ సంవత్సరమైనా, ఆ సంవత్సరం పేరు ఏదైనా, అవమానం ఏడే.

ఈ చివరి మాట మా వైపు బహిరంగంగా చదవాలంటే గుండె గట్టిగా ఉండాలి. పటంలో మాది ఆంధ్రప్రదేశే గానీ టీవీ ముందు కూర్చుంటే సగం కర్ణాటక. ఆదోని దాటితే బళ్లారి ఎంతో దూరం లేదు. వాన మొహం చాటేసిన ఏడాది సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, పోయేవాళ్లలో కొందరు బెంగళూరుకు కట్టడం పనులకు పోతారు, వచ్చేటప్పుడు పిల్లలకు ఎర్ర జెర్సీ తెస్తారు. హైదరాబాదుకు పోయినవాళ్లు నారింజ రంగుది తెస్తారు. ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నారింజ. పొద్దున్నే ఉగ్గాని తింటూ అన్న "ఈ సల కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అని కన్నడంలో అరుస్తాడు. తమ్ముడు దానికి తెలుగులో ఇచ్చే జవాబు పత్రికలో అచ్చు వేయడానికి పనికిరాదు.

సారుకు ప్రతిపక్షం కూడా ఉంది. ఆదోని పత్తి మార్కెట్‌లో చాలా ఏండ్లు కమీషన్ వ్యాపారం చేసి వచ్చిన పెద్దాయన. ఆయనకు పంచాంగం మీద నమ్మకం లేదు, ధరల మీదే నమ్మకం. "అడుక్కు పడిందే లేస్తాదప్పా. పైన ఉండేది యాడికి పోతాది? కిందికే గదా!" అంటాడు. సిద్ధాంతం మొత్తం ఇంతే. నవ్వి ఊరుకుందామంటే చరిత్ర ఆయన పక్కన చేరి కూర్చుంటుంది.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఎనిమిది జట్లు. ఆఖరు స్థానం మన హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్‌ది, దానిపైన ఏడో స్థానం బెంగళూరుది. మరుసటి ఏడాది ఎన్నికలొచ్చి పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్ ఆడింది ఎవరయ్యా అంటే ఆ ఎనిమిదోదీ, ఆ ఏడోదీ. డెక్కన్ ఆరు పరుగులతో కప్పు కొట్టింది. అంతకుముందు మార్చిలో ఆ రెండు పేర్లు ఎవరైనా చెప్పి ఉంటే, కోడుమూరులోనే కాదు, ఏ ఊరి బెంచీ మీదా చోటు ఇచ్చేవాళ్లు కాదు.

చార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వచ్చినా పెద్దాయన సిద్ధాంతం చెక్కు చెదరలేదు. 2023లో హైదరాబాదు పదో స్థానం. ఆ డిసెంబరు వేలంలో ప్యాట్ కమిన్స్‌కు 20 కోట్ల 50 లక్షలు పెడితే బెంచీ అంతా నోరు నొక్కుకుంది. 2024లో అదే జట్టు ఒకసారి 277, ఇంకోసారి 287 కొట్టి ఫైనల్ దాకా పోయింది. ఫైనల్‌లో 113కే కుప్పకూలింది, ఆ సంగతి పెద్దాయన దగ్గర ఎత్తకూడదు. "లేస్తాది అంటి గానీ, నిలబడతాది అంటినా?" అంటాడు.

అయితే సారు తక్కువవాడా? ఢిల్లీని పట్టుకొస్తాడు. ఢిల్లీ 2011లో అట్టడుగు. 2012లో పట్టికలో అందరికంటే పైన. 2013లో మళ్లీ అట్టడుగు. ఇక్కడిదాకా పెద్దాయన మీసం మెలేస్తూనే ఉంటాడు. 2014లో? మళ్లీ అట్టడుగే. "ఏం పెద్దాయనా, పడినోడు లేచేది ఉంటే వీడెందుకు పండుకొనే ఉన్నాడు?" పెద్దాయన తడుముకోడు. "సరుకు తడిసిపోయుంటాది. తడిసిన పత్తికి రేటు యాడుంటాది?" మేమందరం తల ఊపుతాం. ఢిల్లీ జట్టు ఎక్కడ తడిసింది, ఎవరు తడిపారు అని ఎవరమూ అడగం.

ఈ బెంచీ మీద ఇన్నాళ్లుగా వింటున్న నాకు అర్థమైంది ఏమిటంటే, జోస్యం చెప్పడం పెద్ద విద్య కాదు. అది తప్పినాక మరుసటి పొద్దున టీ కొట్టుకు మామూలుగా నడిచి రావడం విద్య. అందులో మా సారును మించినవాణ్ణి నేను చూడలేదు. 2024లో బెంగళూరు మొదటి ఎనిమిది మ్యాచ్‌లలో ఏడు ఓడింది. సారు పుస్తకం మూసేశాడు. ఆ తర్వాత ఆ జట్టు వరుసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌లోకి దూకింది. ఎర్ర జెర్సీ పిల్లలంతా టీ కొట్టు దగ్గర కాపు కాశారు, ఈ రోజు సారు ఇంట్లోంచి బయటికి రాడని. వచ్చాడు. చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు. "అవమానం ఏడు అని చెప్తినా లేదా? లెక్కబెట్టుకోండి, ఏడు ఓడినారా లేదా? కోటా అయిపాయ. ఇంక గెలవక ఏం చేస్తారు?" పిల్లలు వేళ్లమీద లెక్కబెట్టారు. ఏడే! అరవడానికి వచ్చినవాళ్లు సారుకు టీ చెప్పి పోయారు.

పల్లెటూరి సిద్ధాంతులకే ఈ అవస్థ అనుకుంటే పొరపాటు. డేల్ స్టెయిన్ సామాన్యుడా? హైదరాబాదుకు ఆడినవాడు, తర్వాత బౌలర్లకు పాఠాలు చెప్పినవాడు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే సన్‌రైజర్స్ 286 కొట్టేసరికి, ఏప్రిల్ 17న ఐపీఎల్‌లో మొట్టమొదటి 300 చూస్తామని తేదీతో సహా ప్రకటించాడు. ఆ రోజు ముంబైలో మ్యాచ్. మా ఊళ్లో నారింజ జెర్సీలన్నీ ఉతికి ఆరేశారు. సన్‌రైజర్స్ కొట్టింది 162. సారు ఆ రాత్రి స్టెయిన్ మీద జాలిపడ్డాడు. "మంచి పిలగాడే. అనుభవం లేదు. తేదీ చెప్పొచ్చునా ఎవరైనా!"

మా మేనల్లుడు కాన్సాస్‌లో ఉంటాడు. వాడికి అక్కడ ఇదే జబ్బు ఇంకో రూపంలో పట్టుకుంది. మార్చిలో అక్కడ కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలు. 68 జట్లు, ఓడితే ఇంటికే. ఎవరి మీద ఎవరు గెలుస్తారో ముందే ఒక కాగితం మీద నింపాలి. ఆ కాగితం ఫోన్‌లో పంపించాడు. తలకిందులుగా పెట్టిన వంశవృక్షంలాగా ఉంది, అందరూ పోయి చివరికి ఒక్కడు మిగులుతాడు. ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు పోను, అసలు పోటీలో 63 మ్యాచ్‌లు. బొమ్మా బొరుసా వేసి నింపితే మొత్తం సరిగ్గా రావడానికి ఉన్న అవకాశం 92 పక్కన 17 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒకటి. 2014లో వారెన్ బఫెట్ తప్పు లేకుండా నింపినవాడికి 100 కోట్ల డాలర్లు అన్నాడు. ఆయన ఏం తెలివితక్కువవాడు కాదు, ఒక్క డాలరూ ఇవ్వాల్సిన పని పడలేదు. 2019లో ఒక ఆసామి మొదటి 49 మ్యాచ్‌లు వరుసగా సరిగ్గా చెప్పాడట. సారుకు ఈ సంగతి చెబితే, "యాభయ్యోది ఎందుకు తప్పినాడో ఏం చెప్పినాడు?" అని అడిగాడు. ఆయనకు కావలసింది అదొక్కటే.

జట్లను గుంపులుగా కట్టిన తీరు చెబితే బెంచీ అంతా పగలబడి నవ్వింది. కాన్ఫరెన్సులంటారు వాటిని. బిగ్ టెన్ అని పేరు, అందులో 18 కాలేజీలు. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కాన్ఫరెన్సులో పసిఫిక్ వైపున్న స్టాన్‌ఫర్డ్ చేరింది. కాలేజీలు ఆ గుంపులోంచి ఈ గుంపులోకి, ఆటగాళ్లు ఈ కాలేజీలోంచి ఆ కాలేజీలోకి ఏడాదికేడాది దూకుతుంటారట. "ఇంత గందరగోళంలో ఏ జట్టు లేస్తుందో ఎట్ల చెప్పేది మామా?" అని వాడి బాధ. మా జిల్లాలోంచి నంద్యాల 2022లో పక్క జిల్లా అయిపోతే తట్టుకున్నాం. ప్రతి ఎన్నికకూ కండువాలు మారేది చూస్తూనే ఉన్నాం. మాకు ఇదొక లెక్కా?

వర్జీనియా కాలేజీ జట్టు కథ మాత్రం పెద్దాయనకు కంఠతా వచ్చేసింది. ఆ పోటీల్లో ఒకటో నంబరు జట్టుకూ పదహారో నంబరు జట్టుకూ మ్యాచ్ అంటే పురుషుల పోటీల్లో వరుసగా 135 సార్లు ఒకటో నంబరే గెలిచింది. 2018లో బాల్టిమోర్ దగ్గరి ఓ కాలేజీ, పదహారో నంబరు జట్టు, ఒకటో నంబరు వర్జీనియాను 74–54తో చిత్తు చేసింది. దేశమంతా నవ్వింది. 2019లో అదే వర్జీనియా కప్పు కొట్టింది. "సూసినారా? అమెరికాలో కూడా పడిందే లేస్తాది!" అని ఆ రోజు అందరికీ బజ్జీలు తనే ఇప్పించాడు. నిజానికి ఆయనకు బాస్కెట్‌బాల్‌లో ఒక పక్కన ఎంతమంది ఆడతారో కూడా తెలీదు.

ఆ ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ తర్వాత కాన్సాస్ యూనివర్సిటీలోనే కోచ్‌గా చేశాడు. 55 గెలిచాడు, 60 ఓడాడు. ఆ యూనివర్సిటీ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది ఆయనొక్కడికే. ఆట పుట్టించినవాడికే అంతుబట్టని సంగతి మా మేనల్లుడు కంప్యూటర్‌లో లెక్కలు వేసి తేలుస్తానంటాడు. చదువుకున్న పిల్లవాడు, ఏం చెబుతాం?

అసలు జోస్యం ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు మా పక్కనే ఉన్నారు. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం, కర్రలతో కొట్లాట. అది టీవీలో అందరూ చూస్తారు. అదయ్యాక తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర పూజారి చెప్పే భవిష్యవాణి కోసం మా రైతులు చెవులు కోసుకుంటారు. ఇంకొంచెం పడమరకు పోతే, కర్ణాటకలో విజయనగర జిల్లా మైలార. అక్కడ గొరవయ్య పొడవాటి విల్లు ఎక్కి, జనమంతా ఊపిరి బిగబట్టి ఉండగా ఒకే ఒక్క వాక్యం చెప్పి కిందికి జారిపడతాడు. కిందున్నవాళ్లు పట్టుకుంటారు. అదే కార్ణికం. ఆ ఒక్క వాక్యాన్ని రైతు వానకు అన్వయించుకుంటాడు, వ్యాపారి ధరకు, నాయకుడు పదవికి. ఏడాది పొడుగునా ఎవరికి కావలసింది వాళ్లకు దొరుకుతుంది. స్టెయిన్‌కు ఎవరైనా ముందే మైలార చూపించి ఉండాల్సింది. మా సారుకు ఈ విద్య సగం వచ్చు. జారిపడడం వచ్చు గానీ, పట్టుకునేవాళ్లే లేరు.

ఇక 2025. సారు యథాప్రకారం బెంగళూరుకు అవమానం ఏడు రాశాడు. జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో బెంగళూరు పంజాబును ఓడించి, పద్దెనిమిదో ఏట మొదటి కప్పు ఎత్తింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. ఈసారి ఏడు ఓటముల లెక్క కూడా కుదరదు. సారు పని అయిపోయిందనే అనుకున్నాం. పొద్దున్నే వచ్చి పేపరు అడిగాడు. "ఎన్ని పరుగులతో గెలిచినారు?" ఆరు. "2009లో ఎన్ని పరుగులతో ఓడినారు?" ఆరే. "అంతే. అప్పుడిచ్చిన బాకీ ఇప్పుడు వసూలైంది. బాకీ వసూలు కావడం గెలుపెట్లయితాది?" వెనకనుంచి ఎవరో, "వడ్డీ లేదా సారూ?" అన్నారు. "పదహారేండ్లు ఏడిపించినారే, అది వడ్డీ గాదా?" అన్నాడు. ఎవరు ఎవరికి బాకీ, వడ్డీ ఎవరికి పోయింది అని ఇప్పటికీ నాకు తేలలేదు. టీ చల్లారిపోతోందని నేనూ అడగలేదు.

ఆ బెంచీ మీద ఎన్నడూ జోస్యం చెప్పనివాడు మా చిన్నాయన ఒక్కడే. ఆయన లోకం ఎద్దులు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోతే బండలాగుడు చూడకుండా తిరిగి రాడు. ఆ పోటీల్లో జతలను పళ్లను బట్టి విడగొడతారు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. చిన్నాయన జత దగ్గరికి పోయి ఒకసారి నోరు తెరిచి చూస్తాడు, గిట్టలు చూస్తాడు, ఏమీ అనడు. 2025 మార్చిలో ఒకనాడు మేనల్లుడు ఫోన్‌లో డ్యూక్ అనే కాలేజీ గురించి ఊదరగొడుతున్నాడు. దాంట్లో కూపర్ ఫ్లాగ్ అని పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అట్లాంటివాడు పుట్టలేదు, వాడి జట్టే గెలుస్తుందని. చిన్నాయన ఫోన్ అందుకున్నాడు.

"పద్దెనిమిదేండ్లా? రెండు పళ్లన్నట్టు. బాగా దూకుతాది నాయనా, చివర్లో నిలబడదు. నాలుగేండ్లు చదివిన ముదురు పిల్లోళ్లు యా జట్టులో ఉండారో సూసి రాసుకో."

వాడు నవ్వి ఫోన్ పెట్టేశాడు. సెమీఫైనల్‌లో చివరి నిమిషంలో ఆరు పాయింట్లు ముందున్న డ్యూక్, హ్యూస్టన్ చేతిలో 70–67తో ఓడింది. ఆఖరి సంవత్సరం ఆటగాణ్ణి ముందు పెట్టుకున్న ఫ్లోరిడా కప్పు పట్టుకుపోయింది. అక్కడ వాడి ఆఫీసులో చిన్నాయన పేరు మోగిపోయిందట. ఇక్కడ మా సారుకు కడుపుమంట.

"ముదురే గెలిచేటట్టయితే, చెన్నైలో ధోనీకి 43 ఏండ్లు. మరి 2025లో చెన్నై పదో స్థానం ఎట్ల పడె?" అని నిలదీశాడు బెంచీ అందరి ముందూ.

చిన్నాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"పళ్లన్నీ వచ్చినంక అరిగేది మొదలవుతాది సారూ."

సారు కాసేపు ఆయన వంకే చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి, టీ కొట్టాయన దగ్గర పెన్ను అడుక్కుని, ఆ మాట రాసుకున్నాడు.