కొట్టేసిన సోఫా

తెలుగులో టాక్ షో పెట్టడానికి కావలసినవి: ఒక సోఫా, రెండు కప్పులు, వారంలో విడుదల కాబోయే సినిమా. అతిథి చిన్నప్పటి ఫొటో తెర మీద పడగానే కళ్లు చెమర్చాలి. స్నేహితుడికి ఫోన్ కలిపితే అవతలివాడు ఉలిక్కిపడాలి, ముందే చెప్పి ఉంచినా సరే.

మా రాజమండ్రి ఆలీ ఈటీవీలో 'ఆలీతో సరదాగా' అంటూ కొన్నేళ్లపాటు సరదాగానే ఏడిపించాడు. 2021లో 'ఆహా'లో 'అన్‌స్టాపబుల్' అంటూ బాలకృష్ణ దిగాడు, 2024లో ప్రైమ్‌లో రానా, 2025లో జీ తెలుగులో జగపతిబాబు. సోఫా కవర్లు మారాయి. కృష్ణానగర్ గది, పస్తున్న రాత్రి, అవకాశమిచ్చిన దేవుడు మాత్రం మారలేదు. దీన్ని పోటీ అంటున్నారు. బాలకృష్ణ సోఫా మీద రానా కూడా అతిథిగా కూర్చుని వచ్చాడు! ఇది పోటీ కాదు, వియ్యాలవారి మర్యాద.

పోటీ అంటే మా ఊళ్లో నేర్చుకోండి. 1874లో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' పెట్టారు. చెన్నపట్నంలో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి 'ఆంధ్ర భాషా సంజీవని' అప్పటికే నడుస్తోంది. ఇద్దరికీ పడదు. పంతులుగారు వెక్కిరింతకని ఓ పత్రిక తెచ్చి, ఎదుటివాడి తోకే తగిలించారు: 'హాస్యవర్ధని'. ఈయన ఊరుకుంటారా? 1876లో ఆయన తోక లాక్కొచ్చి 'హాస్య సంజీవని' అన్నారు. ఎత్తుకున్న సరుకుతో సొంతదారు నెత్తినే మొట్టడం, అదీ చేతివాటమంటే! ఈ సంచికలో మీరు అతిథి, వచ్చే సంచికలో నేను అనే బేరాల్లేవు.

వీరేశలింగం విదేశీ సరుకూ తెచ్చారు. ఆయన నవల 'రాజశేఖర చరిత్రము' వెనక గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఉంది. అయితే ఆ కథని ధవళేశ్వరం తీసుకొచ్చి, గోదావరిలో ముంచి, ఇక్కడి జోస్యుల్నీ బైరాగుల్నీ అందులోకి దించారు. 1887లో అదే 'ఫార్చూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లింది. అప్పిచ్చినవాడి ఇంటికే వడ్డీతో చేరిందన్నమాట. కరణ్ జోహార్ టాక్ షో నుంచి తెచ్చుకున్న కాఫీ కప్పులో మనవాళ్లు గోదావరి నీళ్లు చుక్కయినా కలిపారా?

అమెరికా టాక్ షోవాళ్లూ దొంగలే అనుకోండి. జవాబు ముందు చెప్పి ప్రశ్న తర్వాత చదివే జానీ కార్సన్ ఆట అంతకుముందు స్టీవ్ ఆలెన్ ఆడిందే. కానీ అక్కడ కార్సన్ ఖాళీ చేసిన కుర్చీ తనకి కాక లెనోకి దక్కిందని లెటర్‌మన్ 1993లో ఏకంగా ఛానెలే మార్చి, ఏళ్ల తరబడి ఆడిపోసుకున్నాడు. పౌరుషమంటే అదీ.

మనవాళ్లలో ఎవరైనా 'అన్‌స్టాపబుల్ సరదాగా' అని పేరెట్టి, పక్క ఛానెల్ సోఫాలో దూది పీకమనండి. ఆ రాత్రి నేను టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు.